జీతం సగమైంది, మాంద్యం అంటున్నారు: చీటీ, సిప్, ఎఫ్‌డీ, బంగారం... ముందు దేన్ని కదపాలి?

సంతపేట_టీచర్:

అందరికీ నమస్కారం. మాది ఒంగోలు. మా వారు చీమకుర్తి దగ్గర గ్రానైట్ ఎగుమతి యార్డు ఆఫీసులో పనిచేస్తారు. జీతం 38 వేలు. ఆర్డర్లు లేవని మూడు నెలలుగా సగమే ఇస్తున్నారు. నాకు ప్రైవేటు స్కూల్లో 18 వేలు.

ఇంటి లోను 14 లక్షలుంది. వడ్డీ 9.5 శాతం, ఇంకా 15 ఏళ్లు, ఈఎంఐ 14,600. ప్రోనోటు మీద 3 లక్షల అప్పు, రెండు రూపాయల వడ్డీ. 5 లక్షల చీటీ ఒకటి వేస్తున్నాం. 50 నెలలకు గాను 22 కట్టాం, ఇంకా పాడలేదు. డివిడెండ్ పోను నెలకు 8 వేల దాకా పడుతోంది. మూడు మ్యూచువల్ ఫండ్లలో కలిపి నెలనెలా కట్టే సిప్ 8 వేలు. సహకార బ్యాంకులో 4 లక్షల ఎఫ్‌డీ, ఒకటే రసీదు. నా బంగారం 18 సవర్లు. ఇంటి ఖర్చు ఎంత బిగించినా 20 వేలు అవుతోంది.

ఎఫ్‌డీ తీసేసి ప్రోనోటు తీర్చేద్దామని మా వారు అంటున్నారు. సిప్‌లన్నీ ఎర్రగా కనిపిస్తున్నాయి, ఆపేయాలా? చీటీ ఇప్పుడే పాడుకోవాలా, చివరిదాకా ఉంచుకోవాలా? బంగారం అమ్మాలా, కుదవ పెట్టాలా? ఇంకో సందేహం. టీవీలో ఒకరు మాంద్యం వచ్చేసిందంటారు, ఇంకొకరు లేదంటారు. మనలాంటి వాళ్లం దేన్ని చూసి తెలుసుకోవాలి?

గుండ్లకమ్మ:

మేడమ్, దేశం లెక్కల కంటే ముందు మీ ఇంటి లెక్క ఒకసారి కాగితం మీద పెడదాం. ఇప్పుడు వచ్చేది 19 వేలు, 18 వేలు కలిపి 37 వేలు. పోయేది ఈఎంఐ 14,600, ప్రోనోటు వడ్డీ 6,000, చీటీ 8,000, సిప్ 8,000, ఇంటి ఖర్చు 20,000. మొత్తం 56,600. నెలకు 19,600 లోటు. పూర్తి జీతం వచ్చిన రోజుల్లో కూడా మీకు మిగిలింది ఏమీ లేదు, 56 వేలు వస్తే 56,600 పోయింది. ఇల్లు ఇరుకున పడింది ఇప్పుడు కాదు, జీతం తగ్గాక బయటపడింది.

అన్నింటికంటే ఖరీదైనది ప్రోనోటు. రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, 3 లక్షలకు 72 వేలు. అదే 3 లక్షలు ఎఫ్‌డీలో ఉంటే 7 శాతం లెక్కన ఏడాదికి వచ్చేది 21 వేలు. అంటే ఎఫ్‌డీ ఉంచుకుని ప్రోనోటు మోస్తున్నందుకు ఏడాదికి 51 వేలు నష్టం. గడువుకు ముందే ఎఫ్‌డీ తీస్తే వడ్డీలో అర శాతమో, ఒక శాతమో కోస్తారు, అది ఈ నష్టం ముందు లెక్కలోకి రాదు. మీ వారు చెప్పిందే కరెక్టని నా అభిప్రాయం.

తీర్చేటప్పుడు డబ్బు బ్యాంకు ఖాతా నుంచే పంపండి. అసలు నోటు వెనక్కి తీసుకోండి, వెనక చెల్లు రాయించి సంతకం పెట్టించుకోండి. నోటుకు కాలపరిమితి మూడేళ్లు. అది దగ్గర పడ్డప్పుడు తిరగరాయమంటారు. అప్పుడు బాకీ వడ్డీని అసల్లో కలిపి రాస్తే వడ్డీ మీద వడ్డీ మొదలవుతుంది. మీ నోటు తేదీ ఎప్పటిదో ఇవాళే చూసుకోండి.

దర్గామిట్ట_66:

గుండ్లకమ్మ గారి వడ్డీ లెక్క తప్పు కాదు. కానీ ఈ పరిస్థితిలో ఎఫ్‌డీ ముట్టుకోవద్దని చెబుతాను. ఎందుకంటే ఆ 4 లక్షలు తప్ప మీ దగ్గర రేపు ఉదయం చేతికొచ్చే డబ్బు లేదు. అందులో 3 తీసేస్తే మిగిలేది లక్ష. ఈ నెల సగం జీతం, వచ్చే నెల అది కూడా ఆగిందనుకోండి, అప్పుడు మళ్లీ ప్రోనోటుకే పోవాలి. ఈసారి రెండు రూపాయలకు ఎవరూ ఇవ్వరు, మూడు అడుగుతారు. మాంద్యంలో కుటుంబాలు మునిగేది ఆస్తుల రేటు పడినందుకు కాదు, రేటు పడిన రోజునే అమ్మాల్సి వచ్చినందుకు. చేతిలో డబ్బుంటే ఆ రోజు రాదు.

ప్రోనోటు తీర్చాల్సిందే, అయితే చీటీ డబ్బుతో. ఎలాగో చూడండి.

వచ్చేది 23వ పాట. పాడినా పాడకపోయినా మీరు కట్టే వాయిదాలు అవే, కాబట్టి వాటిని లెక్కలోంచి తీసేయొచ్చు. మిగిలేది ఒక్కటే పోలిక: ఇప్పుడు ఎంత చేతికొస్తుంది, 50వ నెల దాకా ఆగితే ఎంత వస్తుంది. కమీషన్ 5 శాతం అనుకుంటే చివరి నెల వచ్చేది 4,75,000. ఇవాళ 25 శాతం తగ్గించి పాడితే 3,75,000. అంటే 27 నెలలు ముందుగా తీసుకున్నందుకు లక్ష వదులుకున్నట్టు. మన లెక్కలో చెప్పాలంటే నూటికి నెలకు దాదాపు 99 పైసలు, రూపాయి వడ్డీ కూడా కాదు. 20 శాతానికే దొరికితే 4 లక్షలు చేతికొస్తాయి, వడ్డీ 69 పైసలు. పోటీ పెరిగి 35 శాతానికి పోతే చేతికి 3,25,000 వస్తాయి, వడ్డీ రూపాయి 71 పైసలు. అక్కడికి పోయాక రెండు రూపాయల అప్పు తీర్చడానికి మిగిలే లాభం చాలా తక్కువ. కాబట్టి పాటకు కూర్చునే ముందే 30 శాతం అని గీత గీసుకోండి, అది దాటితే ఆ నెల వదిలేయండి. 30 శాతం దగ్గర కూడా వడ్డీ సుమారు రూపాయి 32 పైసలే.

ఇంకో విషయం. కష్టకాలం ముదిరే కొద్దీ డబ్బు అవసరమైన వాళ్లంతా పాటకు వస్తారు, తగ్గింపు శాతం పైకి పోతుంది. ముందు నెలల్లో పాడిన వాళ్లకే చవకగా దొరుకుతుంది. చివరిదాకా ఉంచుకోవడం మంచి రోజుల్లో పొదుపు, ఇప్పుడు కాదు.

ఇప్పుడు రెండు దారుల లెక్క పక్కపక్కన పెడతాను. సిప్‌ని 8 వేల నుంచి 2 వేలకు దించారనీ, ప్రోనోటు వడ్డీ 6 వేలు తప్పిందనీ, ఇంటి లోను వడ్డీ 8.5కి దింపించుకుని ఈఎంఐలో 800 తగ్గించారనీ అనుకుందాం. లోటు 19,600 నుంచి 6,800కి వస్తుంది. మీ వారి సగం జీతం కూడా పూర్తిగా ఆగితే లోటు 25,800. ఎఫ్‌డీతో అప్పు తీర్చి ఉంటే చేతిలో ఉన్న లక్ష నాలుగు నెలలు కూడా రాదు. చీటీ పాడి 3 లక్షలు ప్రోనోటుకు కట్టి ఉంటే 4 లక్షల ఎఫ్‌డీ, మిగిలిన 75 వేలు కలిపి 18 నెలలు వస్తుంది. ఈ పద్నాలుగు నెలల తేడా కోసమే ఇంత రాశాను.

ఎఫ్‌డీ ఒకటే రసీదుగా ఉండటం ఇబ్బంది. 50 వేలు కావాల్సి వస్తే 4 లక్షలూ విరగ్గొట్టాలి. గడువు తీరినప్పుడు లక్ష చొప్పున నాలుగు రసీదులు చేయండి. ఈలోపు అవసరం పడితే రసీదు మీద లోను తీసుకోండి, ఎఫ్‌డీ వడ్డీ కంటే ఒకటి, రెండు శాతం ఎక్కువ వేస్తారు, అంతే.

మూలాపేట:

మాంద్యం, సిప్... ఈ రెండింటి గురించి రాస్తాను.

జీడీపీ వరుసగా రెండు త్రైమాసికాలు తగ్గితే మాంద్యం అని పత్రికల వాడుక. అమెరికాలో మాత్రం ఎన్‌బీఈఆర్ అనే సంస్థలోని కమిటీ ఉద్యోగాలు, ఆదాయాలు, ఉత్పత్తి, అమ్మకాలు అన్నీ చూసి ప్రకటిస్తుంది. అది ఎంత ఆలస్యంగా వస్తుందంటే, 2007 డిసెంబరులో మొదలైన మాంద్యాన్ని 2008 డిసెంబరు 1న ప్రకటించారు. 2009 జూన్‌లో ముగిసిందని 2010 సెప్టెంబరు 20న చెప్పారు. అక్కడి షేర్లు 2009 మార్చి 9నే అడుగు తాకి పైకి తిరిగాయి. ప్రకటన విన్నాక కొందామనుకున్న వాళ్లు ఏడాదిన్నర ఆలస్యమయ్యారు.

మన దగ్గరా అంతే. 2020 ఏప్రిల్-జూన్‌లో జీడీపీ 23.9 శాతం పడిందని ఆగస్టు 31న లెక్క వచ్చింది. ఆ రోజుకి షేర్ల సూచీ నిఫ్టీ మార్చి 23 ముగింపు నుంచి దాదాపు 50 శాతం పెరిగి ఉంది. మార్కెట్ ముందు పడుతుంది, ముందు లేస్తుంది. ఉద్యోగాలు, జీతాలు మాత్రం అన్నింటికంటే వెనక కోలుకుంటాయి. అందుకే షేర్లు పెరుగుతున్నా మీ యార్డులో జీతం సగమే ఉండొచ్చు. దాంట్లో వైరుధ్యం లేదు.

మీ ఇంటికి పనికొచ్చే సూచిక టీవీలో దొరకదు, యార్డులోనే ఉంటుంది. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ పోయేది బయటి దేశాల్లో కట్టే ఇళ్లకు, హోటళ్లకు, ఆఫీసులకు. అక్కడ నిర్మాణం ఆగితే వంటగది బండల ఆర్డరు ఆగుతుంది, ఇక్కడ కోత మిషన్ ఆగుతుంది. కాబట్టి మీ వారిని ఈ మూడు గమనించమనండి: నెలకు ఎన్ని కంటెయినర్లు బయటికి పోతున్నాయి, కొత్త ఆర్డర్లకు అడ్వాన్సు వస్తోందా, పాత బిల్లుల డబ్బు ఎన్ని రోజులకు వస్తోంది. పాత బిల్లులు 60 రోజుల నుంచి 120 రోజులకు జారితే జీతాలు ఇంకా ఆలస్యమవుతాయి. రూపాయి పడితే ఎగుమతిదారులకు మంచిదని అంటారు, అది ఆర్డరు ఉన్నప్పటి మాట.

ఇక సిప్. రేటు పడినప్పుడు ఏం జరుగుతుందో చిన్న లెక్క. నెలకు 8 వేలు, యూనిట్ ధర వరుసగా 50, 40, 32, 40, 50 రూపాయలు అనుకోండి. వచ్చే యూనిట్లు 160, 200, 250, 200, 160. మొత్తం 970. పెట్టింది 40 వేలు, చివర్లో విలువ 48,500. ధర మొదటి చోటికే వచ్చింది, అయినా 8,500 మిగిలింది. ఆ లాభం అంతా ధర పడ్డ మూడు నెలల్లో కొన్న యూనిట్లదే. మీకిప్పుడు కనిపించే ఎరుపు ఆ మధ్య నెలలు.

అయితే దీనికి రెండు షరతులున్నాయి. ఒకటి, ఇండెక్స్ ఫండ్ లాగా చాలా కంపెనీలున్న ఫండ్ అయితేనే ఈ లెక్క నిలబడుతుంది. ఒకే కంపెనీ షేరు 32కి పడి 3కి కూడా పోవచ్చు. రెండు, కోలుకునేదాకా ఆ డబ్బు అవసరం పడకూడదు. 2008 జనవరిలో 21 వేల దగ్గరున్న సెన్సెక్స్ 2009 మార్చికి 8 వేల దగ్గరికి వచ్చింది. మళ్లీ 21 వేలు తాకింది 2010 నవంబరులో. అక్కడ నిలవలేదు, 2013 చివరిదాకా దాన్ని స్థిరంగా దాటలేకపోయింది. 2020లో మాత్రం పది నెలల్లోపే పాత గరిష్ఠానికి వచ్చేసింది. ఏ మాంద్యం ఏ రకమో ముందు ఎవరూ చెప్పలేరు. ఐదారేళ్లలోపు కావాల్సిన డబ్బు షేర్లలో ఉండకూడదని అందుకే అంటారు.

కాబట్టి ఇప్పటిదాకా కొన్న యూనిట్లు అమ్మొద్దు. కొత్త సిప్‌ని ఇండెక్స్ ఫండ్ ఒక్కదాంట్లో 2 వేలకు దించండి. రెండు రూపాయల అప్పు నెత్తిన పెట్టుకుని 8 వేల సిప్ నడపడం అంటే 24 శాతానికి అప్పు తెచ్చి షేర్లు కొనడమే. ప్రోనోటు తీరి, జీతం నిలబడ్డాక పెంచుకోవచ్చు. మూడింటిలో స్మాల్ క్యాప్ ఫండ్ ఉంటే ముందు ఆపాల్సింది అదే. 2018 జనవరి నుంచి 2020 మార్చి దాకా చిన్న కంపెనీల సూచీ సగానికి పైగా పోయింది.

ఖాతాలో డబ్బు లేక సిప్ తప్పిపోతే చూద్దాంలే అనుకోవద్దు. ఫండ్ వాళ్లు జరిమానా వేయరు, కానీ బ్యాంకు ప్రతిసారీ బౌన్స్ చార్జీ, దానిమీద జీఎస్‌టీ గుంజుతుంది. వరుసగా మూడుసార్లు తప్పితే సిప్ రద్దవుతుంది. ఆపాలనుకుంటే తేదీకి వారం ముందే యాప్‌లో రద్దు పెట్టండి.

కోట_చెరువులు:

అక్కా, బంగారం మాత్రం అమ్మొద్దు. మాంద్యంలో బంగారం ఎప్పుడూ పెరిగేదే. ఫుల్లుగా కుదవ పెట్టి ఆ డబ్బుతో అన్నీ తీర్చేసెయ్యండి.

ఇదే సందర్భంలో నాదొక ప్రశ్న. మా వైపు రొయ్యల రేట్లు కుదురుగా లేవు. మేత అంగట్లో అప్పు మీద ఇస్తామంటున్నారు, వడ్డీ లేదంటున్నారు. తీసుకోవచ్చా?

గుండ్లకమ్మ:

కోట తమ్ముడూ, బంగారం ఎప్పుడూ పెరుగుద్దనే మాట మీద ఎవరూ లోను తీసుకోకూడదు. 2008 మార్చిలో ఔన్సు వెయ్యి డాలర్లు తాకిన బంగారం ఆ ఏడాది అక్టోబరు, నవంబరు నాటికి 700 దగ్గరికి వచ్చింది. అంటే మాంద్యం నడి మధ్యలో 30 శాతం పడింది. అందరికీ ఒకేసారి నగదు కావాల్సి వచ్చినప్పుడు బంగారం కూడా అమ్ముతారు. అప్పుడు రూపాయి 40 నుంచి 50 దాకా బలహీనపడటం వల్ల మన దగ్గర దెబ్బ అంత తెలియలేదు. తర్వాత పెరిగింది, నిజమే. కానీ ఆ మధ్య నెలల్లో గరిష్ఠంగా లోను ఎత్తిన వాళ్లకు బ్యాంకు నుంచి ఫోన్లు వస్తాయి: కొంత కట్టండి, లేదా ఇంకో నగ తెచ్చి పెట్టండి అని.

ఆర్‌బీఐ కొత్త నిబంధనల్లో 2026 ఏప్రిల్ 1 నుంచి రెండున్నర లక్షల లోపు లోనుకు విలువలో 85 శాతం దాకా, 5 లక్షల దాకా 80, ఆపైన 75 ఇవ్వొచ్చు. ఏడాది చివర అసలు, వడ్డీ ఒకేసారి కట్టే లోనులో ఈ శాతాన్ని చివర కట్టాల్సిన మొత్తం మీద చూస్తారు, చేతికొచ్చే దాని మీద కాదు. ఇవ్వొచ్చన్నారని అంతా తీసుకోవాల్సిన పని లేదు. 60 శాతం దగ్గర ఆగితే రేటు పావు వంతు పడినా మీ నగ మీ చేతిలోనే ఉంటుంది.

మేడమ్, బంగారాన్ని ఆఖరి వరసలో ఉంచండి. అమ్మితే తరుగు, మజూరీ పోతాయి, మళ్లీ కొనేటప్పుడు ఇంకోసారి కట్టాలి. చీటీ పాట 30 శాతం దాటి దొరక్కపోతే అప్పుడు బ్యాంకులో కుదవ పెట్టి ప్రోనోటు తీర్చండి, తొమ్మిది పది శాతం అంటే 75 నుంచి 85 పైసల వడ్డీ. రాళ్లు లేని గాజులు, గొలుసులు ముందు పెట్టండి. రాళ్ల బరువు ఎటూ తీసేస్తారు. అన్నీ ఒకే లోనులో వేయకుండా రెండు, మూడు లోనులుగా చేయించుకుంటే డబ్బు వచ్చినప్పుడు ఒక్కొక్కటి విడిపించుకోవచ్చు.

ఎఫ్‌డీ విషయంలో దర్గామిట్ట గారి లెక్క చూశాక నా సలహా మార్చుకుంటున్నాను. అది ఉంచుకోండి.

తమ్ముడూ, మేతకు వడ్డీ లేదంటే ధరలో కలిపారని. నగదు ధర, అప్పు ధర రెండూ అడిగి రాసుకో. బస్తా నగదుకి 2,000, రెండు నెలల అప్పుకి 2,100 అనుకో. రెండు నెలలకు 5 శాతం, అంటే రెండున్నర రూపాయల వడ్డీ. దానికితోడు సరుకు వాళ్లు చెప్పిన వ్యాపారికే వెయ్యాలనే షరతు ఉంటే కౌంట్‌కి (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయనే లెక్కకు) ఇచ్చే ధరలో కిలో మీద పది, ఇరవై రూపాయలు పోతుంది. అది కూడా వడ్డీయే. మన రొయ్యకు అమెరికా అతిపెద్ద కొనుగోలుదారు. 2025 ఆగస్టు 27న అక్కడ సుంకం 50 శాతానికి చేరినప్పుడు దెబ్బ నేరుగా చెరువు గట్టుకే వచ్చింది. రేటు తెలియని కాలంలో చెరువులో రొయ్య పిల్లను పలచగా వదిలి, కిలోకి అయ్యే ఖర్చు తగ్గించడమే ముందు చేయాల్సింది. కిసాన్ క్రెడిట్ కార్డు చేపలు, రొయ్యల సాగుకు కూడా ఇస్తారు, అంగడి అప్పుకంటే ముందు అది అడుగు.

సంతపేట_టీచర్:

చాలా థాంక్స్ అండీ. నోటు చూశాను, మూడేళ్లకు ఇంకా ఏడు నెలలుంది. ఇంకో మూడు సందేహాలు. చీటీ పాడితే జామీను అడుగుతారు గదా, సగం జీతం స్లిప్పు చూసి ఒప్పుకుంటారా? సహకార బ్యాంకులో ఎఫ్‌డీ భద్రమేనా? ఇంటి లోను వాయిదాలు కొన్ని నెలలు ఆపమని బ్యాంకుని అడగొచ్చా?

దర్గామిట్ట_66:

జామీను సంగతి పాటకు ముందే తేల్చుకోండి. పాడేశాక జామీను కుదరకపోతే డబ్బు ఆగిపోతుంది, మీ వాయిదాలు మాత్రం నడుస్తాయి. మిగిలిన 27 వాయిదాలు పదివేల చొప్పున 2,70,000కి వాళ్లకు భరోసా కావాలి. సాధారణంగా ఇద్దరు ప్రభుత్వ ఉద్యోగులను అడుగుతారు. ఎఫ్‌డీ రసీదు పెట్టమంటే ఒప్పుకోవద్దు, మనం కాపాడుకుంటున్న నగదే ఇరుక్కుపోతుంది. జామీను ఉండేవాళ్లకు మీ జీతం సగమైందని దాచకుండా చెప్పండి. మీరు తప్పితే వాళ్ల జీతంలో కోస్తారు, ఆ సంగతి తెలిసి ఒప్పుకోవాలి.

ఆ చీటీ రిజిస్టర్ అయిందో లేదో కూడా చూడండి. పాస్‌బుక్ మీద గ్రూపు నంబరు, రిజిస్ట్రార్ దగ్గర బైలా నంబరు ఉండాలి. చీటీ మొత్తానికి సమానమైన డిపాజిట్ ఫోర్‌మన్ (చీటీ నడిపేవారు) ముందే చూపించాలని 1982 చట్టం చెబుతుంది. కానీ అది 5 లక్షలకే భరోసా, 50 మంది కట్టిన మొత్తానికి కాదు. రిజిస్టర్ కాని చీటీ అయితే శాతం లెక్కలు పక్కన పెట్టి త్వరగా పాడుకోండి. ఇలాంటి కాలంలో ఎత్తినవాళ్లు కట్టడం మానేస్తారు, నష్టం ఎత్తనివాళ్ల మీదే పడుతుంది.

బ్యాంకు విషయం. డిపాజిట్ బీమా ఒక బ్యాంకులో ఒక మనిషికి అసలు, వడ్డీ కలిపి 5 లక్షల దాకా ఉంది, 2020 ఫిబ్రవరి 4కి ముందు లక్షే. మీ 4 లక్షలు వడ్డీతో కలిపి ఆ లోపలే ఉంటాయి. అయితే పేరులో సహకార అని ఉన్నంత మాత్రాన సరిపోదు. ఆర్‌బీఐ లైసెన్సు ఉన్న సహకార బ్యాంకుకే ఈ బీమా. ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘాలకు, పొదుపు సొసైటీలకు లేదు. రసీదు మీద బ్యాంకు పూర్తి పేరు చదవండి. చీటీ పోను మిగిలే 75 వేలు వేరే బ్యాంకులో వేయండి. బ్యాంకు మీద ఆంక్షలు పడితే బీమా డబ్బు రావడానికి 90 రోజులు పట్టొచ్చు. ఆ మూడు నెలలు ఇల్లు గడవాలి గదా.

వాయిదాలు ఆపడం అన్నింటికంటే చివర. 2020లో మార్చి నుంచి ఆగస్టు దాకా ఆర్‌బీఐ వెసులుబాటు ఇచ్చినప్పుడు కూడా వడ్డీ నడుస్తూనే ఉంది. మీ 14 లక్షలు 8.5 శాతం మీద ఆరు నెలలు ఆపితే బాకీ 14,60,000 దాటుతుంది. ఈఎంఐ మార్చకపోతే తర్వాత కట్టాల్సినవి 180 వాయిదాలు కాదు, 197. దానికి బదులు శాఖకు వెళ్లి మీ లోను రెపోకి (ఆర్‌బీఐ బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటుకి) ముడిపడి ఉందా, పాత ఎంసీఎల్‌ఆర్ (బ్యాంకు తన ఖర్చును బట్టి వేసుకునే రేటు) మీద ఉందా అడగండి. మాంద్యం వస్తే ఆర్‌బీఐ రేట్లు దించుతుంది. 2008 అక్టోబరులో 9 శాతం ఉన్న రెపోని 2009 ఏప్రిల్‌కి 4.75 చేసింది. రెపో లోనుకు ఆ తగ్గింపు మూడు నెలల్లోపు చేరాలి. పాత పద్ధతిలో ఏడాది దాకా చేరదు. మార్పుకి చిన్న రుసుం తీసుకుంటారు. రేటు తగ్గినప్పుడు బ్యాంకు తనంతట తాను ఈఎంఐ అలాగే ఉంచి గడువు తగ్గిస్తుంది. మీకు ఇప్పుడు కావాల్సింది ఈఎంఐ తగ్గడం, 9.5 నుంచి 8.5కి వస్తే 14,600 కాస్తా 13,800 అవుతుంది. అది అర్జీలో రాసి ఇవ్వండి, రసీదు ముద్ర వేయించుకోండి.

అప్పటికీ కట్టలేని నెల వస్తే తేదీ దాటకముందే మేనేజరుకు చెప్పండి. ఒక్కరోజు దాటినా బ్యాంకు లెక్కలో మీ ఖాతా ఒత్తిడి జాబితాలోకి పోతుంది, 90 రోజులు దాటితే మొండి బాకీ. 30 రోజుల్లోపు పోతే గడువు పొడిగించి ఈఎంఐ తగ్గించే దారి మాట్లాడతారు, 80వ రోజున పోతే నోటీసు గురించి మాట్లాడతారు.

మూలాపేట:

ఒక్కటి కలుపుతాను. మీ కుటుంబానికి ఆరోగ్య బీమా యార్డు వాళ్లు ఇచ్చిందే ఉంటే, ఉద్యోగం పోయిన రోజే అదీ పోతుంది. సొంత పాలసీ ఇప్పుడే తీసుకోండి. సిప్‌లో తగ్గించిన 6 వేలలో కొంత దానికి పోయినా పర్వాలేదు. కొత్త పాలసీలో ప్రమాదాలు తప్ప మిగతా జబ్బులకు మొదటి 30 రోజులు వర్తించదు, కాబట్టి నెల ముందు మొదలుపెట్టాలి.

సంతపేట_టీచర్:

పాట 14వ తేదీన ఉంది. ఈలోపు జామీనుకి మా స్కూలు పక్కన జెడ్పీ హైస్కూల్లో ఇద్దరు టీచర్లను అడుగుతున్నాను. 30 శాతం గీత రాసి పెట్టుకున్నాను. పాట ఎంతకు పోయిందో ఇక్కడే రాస్తాను.